రాత్రి షిఫ్టా, సాయంత్రం షిఫ్టా? రేడియాలజిస్టులు కాస్త చెప్పండి

కొత్తకన్సల్టెంట్:

అందరికీ నమస్కారం. నా ట్రైనింగ్ ఇంకొన్ని నెలల్లో అయిపోతుంది. రెండు చోట్ల నుంచి పిలుపొచ్చింది, రెండూ ఎమర్జెన్సీ రేడియాలజీయే. ఒకటి పూర్తిగా రాత్రి పని. రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా, వరసగా ఏడు రాత్రులు, తర్వాత రెండు వారాలు సెలవు. ఇంట్లో కూర్చునే స్కాన్లు చదివి రిపోర్టులు ఇవ్వచ్చు, కాకపోతే నాలుగైదు ఆసుపత్రుల కేసులన్నీ ఒక్కరి మీదే. రెండోది సాయంత్రం 4 నుంచి అర్ధరాత్రి దాకా, వారానికి ఐదు రోజులు, ఆసుపత్రిలోనే. పక్కన రెసిడెంట్లు, అంటే ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లు, ఉంటారు.

తెలిసినవాళ్ళంతా "అర్ధరాత్రికల్లా ఇంటికి చేరతావు, రెండోదే నయం" అంటున్నారు. జీతం సంగతి వదిలేయండి, అది నేను చూసుకుంటాను. పని నిజంగా ఎలా ఉంటుంది, సంతకం పెట్టేముందు ఏం అడగాలి, అది చెప్పండి.

రాత్రిపిట్ట:

నేను చాలా ఏళ్ళుగా రాత్రులే చేస్తున్నాను, మానే ఉద్దేశం కూడా లేదు. కాబట్టి నా మాట కొంచెం అటే మొగ్గుతుంది.

"రెండు వారాల సెలవు" కాగితం మీద లెక్క. ఏడో రాత్రి దిగాక మొదటి రెండు మూడు రోజులు ఒళ్ళు మళ్ళీ పగటికి అలవాటు పడటానికే పోతాయి. షిఫ్టు మొదలయ్యే ముందు రోజు, పగలు ఎలాగైనా నిద్రపోవాలని ప్రయత్నించడంతో సరిపోతుంది. అది తీసేసినా మిగిలింది ఎక్కువే. ఫోన్ రాదు, ఎవరూ పిలవరు. రేడియాలజీలో ఇంకే ఉద్యోగంలోనూ నాకు అంత ఖాళీ దొరకలేదు.

ఇక అడగాల్సిన సంగతి. ఆసుపత్రులు ఎన్ని అన్నది ముఖ్యం కాదు. గంటకు ఎన్ని కేసులు, వాటిలో సీటీలెన్ని, ఎక్స్‌రేలెన్ని అని అడగండి. "రాత్రికి వంద స్టడీలు (స్కాన్లూ ఎక్స్‌రేలూ కలిపి)" అంటే ఏమీ తెలియదు. వందలో ఎనభై చేతులూ కాళ్ళ ఎక్స్‌రేలయితే హాయి. సగం ట్రామా పాన్‌స్కాన్లయితే (ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకు ఒళ్ళంతా తీసే సీటీలు) తెల్లారేసరికి మనిషి మిగలడు. ఇంకొకటి, ఫోన్ ఎవరు ఎత్తుతారు? దీనికి సరైన జవాబు రాకపోతే ఆ ఉద్యోగం వద్దు.

సాయంకాలం_నాలుగు:

"అర్ధరాత్రికల్లా ఇంటికి" అని చెప్పినవాళ్ళలో ఒక్కరైనా ఏడాది పాటు సాయంత్రం షిఫ్టు చేశారేమో కనుక్కోండి. నేను చేస్తున్నాను, అందుకే రాస్తున్నాను.

నాలుగింటికి మీరు కూర్చునేసరికి చదవాల్సిన కేసుల లిస్టు ఖాళీగా ఉండదు. పగటివాళ్ళు వదిలేసినవి ఉంటాయి: మధ్యాహ్నం స్కాన్ అయిన అవుట్‌పేషెంట్లు, "ఇవాళే డిశ్చార్జ్, రిపోర్టు కావాలి" అని వార్డు వాళ్ళు గుర్తు పెట్టినవి. ఎమర్జెన్సీలో జనం మధ్యాహ్నం నుంచే పెరుగుతారు. వాళ్ళకు రక్త పరీక్షలయ్యి, డాక్టరు చూసి, సీటీ రాసి, స్కానర్ మీదకు ఎక్కించేసరికి ఆరవుతుంది, ఏడవుతుంది. అంటే పగటి బకాయీ, ఎమర్జెన్సీ రద్దీ ఒకే గంటలో వచ్చి మీద పడతాయి. సరిగ్గా అదే గంటకు న్యూరో వాళ్ళు, పీడియాట్రిక్ వాళ్ళు, మస్క్యులోస్కెలెటల్ (ఎముకలు, కండరాలు) వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోతారు. మధ్యాహ్నం పదిమంది చదివింది ఆ తర్వాత ఒకరో ఇద్దరో చదవాలి. పసిపిల్లాడి ఇంటససెప్షన్ (పేగులోకి పేగు దూరడం) అల్ట్రాసౌండ్, వెన్నుపాము ఎమ్మారై, పొట్ట సీటీ ఒకదాని వెనక ఒకటి, అన్నీ మీవే.

పక్కన రెసిడెంట్లు ఉండటం మంచిదే. అయితే వాళ్ళ డ్రాఫ్టు ప్రతిదీ మీరు మళ్ళీ చూడాలి, నేర్పాలి కూడా. మీ కేసుల లెక్కలో ఆ సమయం ఎక్కడా కనపడదు.

అర్ధరాత్రి పన్నెండుకు లేచి వెళ్ళగలిగిన రోజులు తక్కువ. రాత్రికి వచ్చే మనిషి ఒక్కరే కాబట్టి నిండు లిస్టు వాళ్ళ మీద వదలడానికి మనసొప్పదు. ఒంటిగంటవుతుంది. ఇంటికెళ్ళాక ఎనిమిది గంటలు పరుగెత్తిన బుర్ర వెంటనే ఆగదు, నిద్ర పట్టేసరికి రెండో మూడో. పొద్దున ఎనిమిదింటికి డిపార్ట్‌మెంట్ మీటింగ్ పెడతారు. మీరు రాకపోతే "సాయంత్రం వాళ్ళకి శ్రద్ధ లేదు". రాత్రి చేసేవాళ్ళకు కనీసం "రాత్రి చేశాడు, పడుకోనివ్వండి" అన్న మర్యాద ఉంది. మాకు అది కూడా లేదు.

వారాలు గడిచేకొద్దీ ఇంట్లో ఏమవుతుందో వేరే చెప్పాలా? పిల్లలు బడికెళ్ళేటప్పుడు మీరు నిద్రలో, వాళ్ళు పడుకునేటప్పుడు మీరు లిస్టులో. ఒకే ఇంట్లో ఉంటూ శుక్రవారం దాకా వాళ్ళను చూడకపోవడం నాకు మామూలైపోయింది. అలా మామూలైపోవడమే నాకు నచ్చడం లేదు.

పాతఫిల్మ్:

ఫిల్ములున్న రోజుల్లో రాత్రి కాల్ అంటే ఇంట్లో పడుకుని, పిలిస్తే లేచి వెళ్ళడం. స్కాన్ తీయడానికే బోలెడు సమయం పట్టేది కాబట్టి మనిషికి ఊపిరి ఆడేది. ఇప్పుడు తల నుంచి తొడల దాకా నిమిషం లోపు అయిపోతుంది. ఆలస్యం అంటూ మిగిలింది చదివేవాడి దగ్గరే. 2015లో మేయో క్లినిక్ వాళ్ళు లెక్కకట్టారు: ఎనిమిది గంటల పనిలో వచ్చినవన్నీ చదవాలంటే మూడు నాలుగు సెకన్లకు ఒక బొమ్మ చూడాలి. అది ఒక పెద్ద ఆసుపత్రి పగటి లెక్క. రాత్రి ఒక్కడే కూర్చున్నవాడి సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకో మార్పు కూడా ఉంది. అప్పట్లో సర్జన్ మా గదికి వచ్చి ఫిల్ము ముందు నిలబడేవాడు. పేషెంటు ఎలా ఉన్నాడో ఆయన ముఖం చూస్తే తెలిసేది. ప్యాక్స్ (స్కాన్లను కంప్యూటర్లో దాచి చూపించే వ్యవస్థ) వచ్చాక బొమ్మ ఆయన దగ్గరికే వెళ్తోంది, ఆయన రావడం మానేశాడు. "కడుపు నొప్పి" అని రెండు మాటల హిస్టరీ మిగిలింది.

2000ల మొదట్లో అమెరికాలో కొన్ని కంపెనీలు ఇంకో దారి పట్టాయి. రేడియాలజిస్టులను సిడ్నీలో, జ్యూరిక్‌లో కూర్చోబెట్టి, అక్కడి పగటి వెలుతుర్లో అమెరికా రాత్రి కేసులు చదివించారు. నైట్‌హాక్ అన్న పేరు అలాగే వచ్చింది. నిద్ర దృష్టితో చూస్తే అంతకంటే తెలివైన ఏర్పాటు నాకు ఇప్పటికీ కనపడదు. అయితే దేశం బయట చదివినదానికి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు ఇవ్వదు కాబట్టి వాళ్ళది ప్రిలిమినరీయే, అంటే తాత్కాలిక రిపోర్టే. పొద్దున ఇంకొకరు ఫైనల్ చేయాలి. ఇప్పుడు చాలా ఆసుపత్రులు రాత్రి కూడా ఫైనలే కావాలంటున్నాయి. పేషెంటుకు మంచిదే. ఆ భారం మాత్రం రాత్రి మేలుకున్నవాడి మీదకు వచ్చింది.

కాంట్రాస్ట్_రానా:

అంటే పరిష్కారం సిడ్నీకి మకాం మార్చేయడమే అన్నమాట 😀

ఈఆర్_నుంచి:

నేను ఈఆర్ (ఎమర్జెన్సీ) వైపు మనిషిని, మీ గదిలోకి వచ్చి మాట్లాడుతున్నందుకు క్షమించండి. "అవసరం లేని సీటీలన్నీ రాస్తారు" అని మమ్మల్ని తిట్టే ముందు మా వైపు కూడా వినండి. స్ట్రోక్ వస్తే గడ్డ కరిగించే మందుకు మామూలుగా 4.5 గంటలే గడువు. 2018 మార్గదర్శకాల తర్వాత, ఎంపిక చేసిన పేషెంట్లలో 24 గంటల దాకా కాథెటర్‌తో (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) గడ్డ తీయవచ్చు. దాంతో రాత్రి నిద్రలో స్ట్రోక్ వచ్చి పొద్దున లేచినవాళ్ళకు కూడా ఒక దారి దొరికింది. మంచి సంగతే కదా. మీకు మాత్రం తెల్లవారుజామున మెదడు రక్తనాళాలూ రక్తప్రసరణా చూసే సీటీ యాంజియోలు, పర్ఫ్యూజన్లు పెరిగాయి.

హిస్టరీ విషయంలో తప్పు మాదే, ఒప్పుకుంటాను. ఆర్డర్ పెట్టే డబ్బాలో "నొప్పి" అని కొట్టకపోతే తర్వాతి తెర రాదు, అందరూ అదే కొడతారు. ఫోన్ చేస్తే మీకు విసుగు, చేయకపోతే మాకు భయం.

రాత్రిపిట్ట:

ఈఆర్ గారూ, మీ ఫోన్ మీద నాకు కోపం లేదు. పేషెంటు గురించి చెప్పే ఫోన్ వల్ల రిపోర్టు బాగుపడుతుంది. మిగతా ఫోన్లతోనే చావు. "రిపోర్టు ఎంతసేపు", "క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఇంతుంది, కాంట్రాస్ట్ (స్కాన్‌కు ఎక్కించే మందు) ఇవ్వొచ్చా", "ఆ ఎమ్మారై ఏ ప్రోటోకాల్", "వేరే ఆసుపత్రి నుంచి సీడీ వచ్చింది, చూస్తారా". లివర్ సగం చూసి ఫోన్ ఎత్తితే తిరిగొచ్చాక ఎక్కడ ఆపానో గుర్తుండదు. మొదటి నుంచి చూడాలి. చూడాలని నియమం పెట్టుకోకపోతే చూడం కూడా. రెసిడెంట్ల కాల్ మీద చేసిన ఒక పరిశోధనలో, తప్పు దొర్లిన రిపోర్టుకు ముందు గంటలో ఫోన్లు ఎక్కువగా ఉన్నాయని తేలింది. నాకు ఆశ్చర్యం కలగలేదు.

మంచి చోట రీడింగ్ రూమ్ అసిస్టెంట్ ఉంటారు. ఫోన్ వాళ్ళే ఎత్తుతారు, ప్రమాదకరమైన ఫైండింగ్ ఉంటే అవతలి డాక్టరును వాళ్ళే పట్టుకుని లైన్లో కలుపుతారు. ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక దెబ్బతిన్న భాగం) కనిపెట్టడానికి పట్టే సమయం కంటే దాన్ని ఎవరికి చెప్పాలో కనిపెట్టడానికి పట్టే సమయం ఎక్కువ అని బయటివాళ్ళకు తెలియదు.

సీటీ_టెక్నాలజిస్ట్:

కొత్తకన్సల్టెంట్ గారూ, మొదటి ఉద్యోగం గురించి ఒక ప్రశ్న. మీరు ఇంట్లో ఉంటారు సరే, కాంట్రాస్ట్ రియాక్షన్ వస్తే పేషెంటు పక్కకు ఎవరు వస్తారు? రాత్రి మా దగ్గర టెక్ ఒక్కరే. సిరంజిలోంచి కాంట్రాస్ట్ ఒంట్లోకి వెళ్ళాక పేషెంటుకు గొంతు బిగుసుకుంటే, ఫోన్లో ఉన్న రేడియాలజిస్టు అడ్రినలిన్ ఇవ్వలేరు. "ఈఆర్ డాక్టరు వస్తారు" అంటారు. ఆయన ఆ సమయానికి ఇంకో గదిలో ఎవరికో శ్వాస ట్యూబ్ వేస్తుంటారు. ప్రతి ఆసుపత్రిలో ఆ మనిషి ఎవరో రాసి ఉండాలి. లేకపోతే రేపు ఏదైనా జరిగితే రిపోర్టు మీద ఉన్న పేరు మీదే కదా.

కొత్తకన్సల్టెంట్:

ఈ విషయం నాకు అస్సలు తట్టలేదు. రాసుకున్నాను.

సాక్ష్యం_ఎక్కడ:

అనుభవాలు బాగున్నాయి, పరిశోధనల్లో తేలిందేమిటో కూడా చూద్దాం. 2010లో ఒక బృందం రేడియాలజిస్టులకు ఎముకల బొమ్మలు పని మొదలయ్యే ముందు ఒకసారి, రోజంతా పని చేశాక ఒకసారి చూపించింది. సాయంత్రానికి ఫ్రాక్చర్లు కనిపెట్టడంలో ఖచ్చితత్వం తగ్గింది, కళ్ళు ఫోకస్ కావడమూ తగ్గింది. అది రాత్రి పని కూడా కాదు. 2018లో టెలిరేడియాలజీ (దూరం నుంచి స్కాన్లు చదవడం) డేటా మీద లక్షల కేసులతో వచ్చిన పరిశోధనలో పెద్ద తప్పులు షిఫ్టు చివరి గంటల్లో, కేసులు ఎక్కువైన షిఫ్టుల్లో పెరిగాయి. 2020లో పొట్ట, ఛాతీ సీటీల మీద ఇంకొకటి వచ్చింది. అవే రేడియాలజిస్టులు పగటి కంటే రాత్రి డ్యూటీలో ఎక్కువ తప్పులు చేశారు. రాత్రి రెండో సగంలో ఇంకా ఎక్కువ.

వీటిలో నేను చూసేది ఏమిటంటే, అలసటకు కారణం గడియారం ఒక్కటే కాదు. ఎంతసేపుగా కూర్చున్నావు, ఎన్ని చదివావు అన్నవి కూడా అంతే ముఖ్యం. కాబట్టి సాయంకాలం గారు చెప్పింది ఉత్త ఫిర్యాదు కాదు.

క్యాన్సర్ సంగతి ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి నేనే చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం శరీర గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని 2007లో "బహుశా క్యాన్సర్ కారకం" అన్న 2ఏ వర్గంలో పెట్టింది. 2019లో రాత్రి షిఫ్టు పనిని అదే వర్గంలో ఉంచింది. ఆ వర్గం సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది, మీకు ముప్పు ఎంతో చెప్పదు. దాన్ని చూసి హడలిపోనవసరం లేదు, కొట్టిపారేయనూ అక్కర్లేదు.

కాంట్రాస్ట్_రానా:

ఏఐ వచ్చేసింది కదా, రాత్రి పని సగం అదే చేసేస్తుందని మా డైరెక్టర్ అంటున్నారు.

రాత్రిపిట్ట:

మీ డైరెక్టర్ గారిని ఒక రాత్రి వచ్చి కూర్చోమనండి. పెద్ద రక్తనాళం మూసుకుపోయిందేమో చూసి హెచ్చరించే సాఫ్ట్‌వేర్‌కు అమెరికాలో 2018లోనే అనుమతి వచ్చింది. మెదడులో రక్తస్రావం, ఊపిరితిత్తుల్లో గడ్డలు పట్టేవి ఆ తర్వాత వచ్చాయి. నాకు అవి ఇష్టమే. లిస్టులో అడుగున ఉన్న రక్తస్రావాన్ని పైకి తెస్తాయి. కాకపోతే హెచ్చరిక నాకూ స్ట్రోక్ టీమ్ ఫోన్లకూ ఒకేసారి వెళ్తుంది. నేను కేసు తెరవకముందే "నిజమేనా?" అని ఫోన్. అది కాల్సిఫికేషన్‌ను (కాల్షియం పేరుకున్న చోటును) రక్తం అనుకున్న ప్రతిసారీ నేను కాదని రుజువు చేయాలి. మొత్తం స్టడీ చదవాల్సిన పని అలాగే ఉంది.

చీకటిగది:

ఇన్ని మాటల్లో గది గురించి ఒక్కరూ అనలేదు. మానిటర్ సరిగ్గా కనపడాలంటే రీడింగ్ రూమ్ వెలుతురు 25 నుంచి 50 లక్స్ మధ్య ఉండాలంటారు. మామూలు ఆఫీసులో 500 దాకా ఉంటుంది. రాత్రి మెలకువగా ఉండాలంటే కంటికి మంచి వెలుతురు కావాలి, అదే నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్‌ను అణిచిపెడుతుంది. మిగతా నైట్ డ్యూటీ వాళ్ళకు దొరికే ఆ ఒక్క సాయం మన పనిలోనే నిషేధం. తెల్లవారుజామున మూడింటికి, ఒళ్ళు చల్లబడే వేళకు, మసక చీకట్లో బూడిద రంగు బొమ్మలు చూస్తూ కూర్చుంటాం.

నేను చేసేది ఇది. షిఫ్టు మొదటి సగంలో కాసేపటికోసారి లేచి, దీపాలన్నీ వేసి ఉన్న కారిడార్లో నడుస్తాను. ఆఖరి గంటల్లో మానేస్తాను, అప్పుడు వెలుతురు తగిలితే పగటి నిద్ర పోతుంది. ఇంటికెళ్ళేటప్పుడు నల్ల కళ్ళద్దాలు. కాఫీ రాత్రి రెండు దాటాక తాగను. దాని ప్రభావం సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. వీలైతే ఇరవై నిమిషాల కునుకు. అంతకంటే ఎక్కువ పడుకుంటే లేచాక కాసేపు బుర్ర పనిచేయదు, ఆ మత్తులో మాత్రం ఏ స్కానూ తెరవకండి.

అన్నిటికంటే మొదటి రాత్రితో జాగ్రత్త. పొద్దున ఏడింటికి లేచి, పగలంతా ఇంటి పనులు చూసుకుని, రాత్రి కూర్చుంటే అర్ధరాత్రికే 17 గంటల మెలకువ. అంతసేపు మేలుకున్నవాడి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లో చూపించారు. ఇంకా మీకు ఏడు గంటల లిస్టు ఉంటుంది.

యూరప్_నుంచి:

మాకు చట్టం ఉంది: సగటున వారానికి 48 గంటలు, రోజుకు వరసగా 11 గంటల విశ్రాంతి. ఆసుపత్రిలోనే ఉండి చేసే కాల్ మొత్తం, పడుకున్న సమయంతో సహా, పని సమయమేనని యూరప్ కోర్టు 2003లో ఒక డాక్టరు కేసులో తేల్చింది. ఇంటి నుంచి కాల్ సంగతి వేరు. అక్కడ ఎంత త్వరగా స్పందించాలి, మీ సమయం మీద మీకు ఎంత స్వేచ్ఛ ఉంది అన్నది చూస్తారు. అందుకే కొందరు యజమానులు హఠాత్తుగా "ఇంటి నుంచి చదవండి, మీకే సౌకర్యం" అంటారు. సౌకర్యం నిజమే, గంటల లెక్క మాయమవడమూ నిజమే. పొద్దున ఎనిమిదింటి మీటింగ్ గురించి సాయంకాలం గారు రాశారు కదా. ఒంటిగంటకు లేచి ఎనిమిదింటికి రావడమంటే ఇక్కడ నిబంధన ఉల్లంఘన. మీ దగ్గర చట్టం లేకపోయినా కాంట్రాక్టులో ఆ 11 గంటలు రాయించుకోవచ్చు.

పాతఫిల్మ్:

ఒక మాట మర్చిపోయాను. రాత్రి రిపోర్టును పొద్దున ఇంకొకరు చూస్తే, వాళ్ళు నిద్రపోయి వచ్చినవాళ్ళు, పాత స్కాన్లు తెప్పించుకుని చూసేవాళ్ళు, ఆపరేషన్లో ఏం తేలిందో తెలిసినవాళ్ళు. తేడా దొరికితే ఎలా చెబుతారో అడగండి. కొన్ని చోట్ల అదే రోజు ఫోన్ చేసి "ఇది చూడు" అంటారు. కొన్ని చోట్ల మూడు నెలల తర్వాత ఒక పట్టికలో మీ పేరు ఎదురుగా అంకె కనపడుతుంది. రాత్రి చేసేవాడికి పేషెంటు తర్వాత ఏమయ్యాడో తెలియదు. అది తెలియకుండా ఏళ్ళు గడిస్తే చదవడం బాగుపడదు, భయం మాత్రం పెరుగుతుంది. భయం పెరిగితే ప్రతి రిపోర్టులో "మళ్ళీ స్కాన్ చేసి చూడగలరు" అని చేరుతుంది, దాంతో రేపటి లిస్టు ఇంకాస్త పెరుగుతుంది.

కొత్తకన్సల్టెంట్:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇక్కడ చదివినవన్నీ రెండు చోట్లా అడిగాను.

రాత్రి ఉద్యోగం వాళ్ళు గంటకు కేసుల లెక్క ఇచ్చారు, విడివిడిగా. ఫోన్ అసిస్టెంట్ రాత్రి 2 దాకే ఉంటారట, తర్వాత "అంత ఫోన్లు రావు" అన్నారు. కాంట్రాస్ట్ రియాక్షన్‌కు ఎవరు అంటే రెండు ఆసుపత్రుల్లో పేరుంది, మిగతాచోట్ల "చూసి చెబుతాం". రెండు ట్రామాలు ఒకేసారి వస్తే సాయం ఎవరు అన్నదానికి జవాబు రాలేదు.

సాయంత్రం వాళ్ళు మర్యాదగా మాట్లాడారు. పొద్దున మీటింగ్‌కు రానక్కర్లేదని రాసిస్తామన్నారు. పగటి లిస్టు మీకు రాదు అన్నారు. సాయంత్రం 5 నుంచి 9 దాకా రెండో మనిషి ఉంటారని కూడా చెప్పారు. మనసు ఇటే మొగ్గుతోంది.

సాయంకాలం_నాలుగు:

ఆ రెండో మనిషి పేరు రోస్టర్‌లో ఉంటుందా, "అవసరమైతే పిలవండి" అన్నారా?

కొత్తకన్సల్టెంట్:

"అవసరమైతే పిలవండి" అనే అన్నారు మేడమ్.

సాయంకాలం_నాలుగు:

అయితే గత మూడు నెలల రోస్టర్ కాపీ అడగండి. దాంతోపాటు రోజూ రాత్రి 12కి లిస్టులో ఎన్ని మిగిలాయో ప్యాక్స్ లోంచి తీసి ఇమ్మనండి. రెండు నిమిషాల పని అది. ఇవ్వడానికి వారం పడితే మాత్రం సంతకం పెట్టకండి.